ఎడమవైపు మెట్టు

జరిగింది మరిచినవాళ్ల కోసం ముందుగా నాలుగు మాటలు. గురువారం మధ్యాహ్నం మార్కాపురంలో కంటి డాక్టరు ఆస్పత్రి ముందు వెంకటసుబ్బులమ్మ కారు మెట్టెక్కబోయి పడిపోయింది. తలుపు తీయగానే కారు కింద నుంచి దానంతట అదే బయటికి వచ్చి, తలుపు వేయగానే లోపలికి వెళ్లిపోయే మెట్టు అది. ఆమె ఎడమవైపు మెట్టు మీద కాలు మోపగానే అది కుంగిపోయింది. డెబ్బై రెండేళ్ల మనిషికి తుంటి ఎముక విరిగింది. పలకల క్వారీ నుంచి పరిగెత్తుకొచ్చిన కొడుకు రాజేష్, తల్లికి ఎలా ఉందని అడగకముందే డ్రైవర్ విక్టర్ చెంప మీద కొట్టాడు. బజారంతా చూసింది.

అంతటితో ఆగినా బాగుండేది. శనివారం రాజేష్ స్టేషన్‌కు వెళ్లి ఒక కాగితం ఇచ్చాడు. ఈస్టర్‌కు సెలవు ఇవ్వలేదని డ్రైవర్ కక్ష కట్టాడట. పెద్దావిడ మెట్టు మీద కాలు పెట్టిన క్షణంలో తన సీట్లో కూర్చుని స్విచ్ నొక్కి మెట్టు మూసేశాడట. ఎస్సై అది చదివి, బండిని మెకానిక్‌కు చూపించి రాయించుకు రమ్మన్నాడు. సోమవారం సాయంత్రం నాలుగింటికి విక్టర్‌ను కూడా హాజరు కమ్మన్నాడు. మెట్టు బాగానే ఉందని మెకానిక్ రాసిచ్చాడా, విక్టర్ మీద కేసు కడతారు. పద్దెనిమిదేళ్లుగా ఒక్క గీత పడకుండా బండి తోలినవాడి లైసెన్సు పోతుంది. ముండ్లమూరు దగ్గర పల్లె నుంచి ఆ లైసెన్సు ఒక్కటే పట్టుకుని వచ్చినవాడతను. అది పోతే అతనికి మిగిలేది కూలిపని, ముసలామెను పడేసినవాడనే పేరు.

ఇప్పుడు సోమవారం ఉదయం పదకొండు గంటలు. కంభం రోడ్డులో షబ్బీర్ షెడ్డు. ఆ నల్ల కారు లిఫ్టు మీద మనిషెత్తున నిలబడి ఉంది. అంత పెద్ద బండిని గాలిలో చూస్తే ఎవరికైనా దాని మీద కాస్త గౌరవం తగ్గుతుంది. పైన అద్దంలా మెరిసే రంగు, కింద మామూలు ఇనుము, తీగలు. రాజేష్ ఫ్యాను కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. మడత నలగని తెల్ల చొక్కా వేసుకున్నాడు. చేతిలో అప్పుడే టైపు కొట్టించిన కాగితం ఉంది.

విక్టర్ షెడ్డు బయట ఎండలో నిలబడ్డాడు. నీడలోకి రావద్దని రాజేష్ హుకుం. ఏప్రిల్ ఎండకు రేకుల చూరు కిందే నిలబడలేకుండా ఉంది, బయట సంగతి చెప్పక్కర్లేదు. చెంప మీద వాపు శుక్రవారానికే తగ్గింది. లోపలి మంట మాత్రం రోజుకింత పెరుగుతోంది. రాత్రి భార్య రోజీ ప్రార్థన చేసి, శత్రువును క్షమించమంది. కొట్టినవాడు అడిగితే చూద్దాంలే అన్నాడు విక్టర్.

షబ్బీర్ సంగతి కూడా చెప్పాలి. పొదిలి నుంచి గిద్దలూరు దాకా ఏ కారులో కరెంటు తీగ చెడినా షబ్బీర్ దగ్గరికే తోలుకొస్తారు. నలభై ఐదేళ్లుంటాయి. చేతివేళ్లు నల్లగా, మాట మెత్తగా ఉంటుంది. ఎవరితోనూ పేచీ పెట్టుకోడు. అతని షెడ్డు ఉన్న స్థలం రాజేష్‌ది. ఈ ఒక్క ముక్క చెప్తే మిగతాది మీకు అర్థమవుతుంది.

రాజేష్ కాగితం చాచి సంతకం పెట్టమన్నాడు. 'ఎడమవైపు మెట్టును పరీక్షించాను. ఏ లోపమూ లేదు. స్విచ్ నొక్కితే తప్ప మడుచుకునే అవకాశం లేదు' అని మూడు వాక్యాలున్నాయి అందులో. పరీక్షించకముందే పరీక్ష రాసిపెట్టుకుని వచ్చిన పెద్దమనిషి. షబ్బీర్ కాగితం తీసుకుని చదివి, దానిమీద ఒక రెంచి బరువుగా పెట్టాడు.

"ఒకసారి విప్పి చూస్తా సార్. ఎస్సై గారు అడిగితే చెప్పాల గదా."

"చూడు. చూసి సంతకం పెట్టు. నాకు పన్నెండుకు మీటింగ్ ఉంది."

షబ్బీర్ కారు కిందికి వెళ్లి ఎడమవైపు మెట్టుకున్న నల్ల ప్లాస్టిక్ మూత విప్పాడు. క్వారీ బండి కదా, లోపల పలకల పొడి పేరుకుని ఉంటుందని అనుకున్నాడు. లేదు. శుభ్రంగా ఉంది. కీళ్ల దగ్గర జిడ్డు కూడా లేదు. మెకానిక్ కళ్లకు అది చాలు, ఈ బండిని ఒకడు బిడ్డను చూసుకున్నట్టు చూసుకున్నాడని తెలియడానికి.

నిజంగానే చూసుకున్నాడు. ఈ మెట్లున్న కారు కొనడం ఒక ఎత్తు, వాటిని కాపాడుకోవడం ఇంకో ఎత్తు. కొన్నది రాజేష్. కాపాడింది విక్టర్. క్వారీ దారిలో ఒక్క ట్రిప్పు వెళ్లొస్తే చాలు, మెత్తటి పలకపొడి మెట్టు కీళ్లలో దూరిపోతుంది. రోజూ సాయంత్రం పైపుతో నీళ్లు కొట్టి, బ్రష్‌తో సందులు తోమి, గుడ్డతో తుడిచి, జిడ్డు లేని స్ప్రే కొట్టేవాడు. మొదట్లో క్వారీ లారీల మేస్త్రి మంచి చేస్తున్నాననుకుని ఆ కీళ్లకు చిక్కటి గ్రీజు పూశాడు. ఈ ఊళ్లో ఏ ఇనుము కిర్రుమన్నా గ్రీజు పూయడమే తెలుసు. పలకపొడి ఆ గ్రీజులో కలిసి రెండు రోజుల్లో రాయిలా గట్టిపడి మెట్టు బిగుసుకుపోయింది. ఆదివారం చర్చికి కూడా వెళ్లకుండా విక్టర్ కారు కింద వెల్లకిలా పడుకుని, కిరసనాయిలు గుడ్డతో దాన్నంతా గీకి తీశాడు. అలాంటివాడి మీద, బండిని సరిగా చూసుకోడని కూడా ఫిర్యాదులో ఒక వాక్యం కలిపారు. అబద్ధం ఆడేవాడికి పొదుపు ఎందుకుంటుంది.

షబ్బీర్ మెట్టును చేత్తో బయటికి లాగాడు. దాన్ని మోసే చేతులు రెండున్నాయి, ముందొకటి, వెనకొకటి. ముందు చెయ్యి వంగి ఉంది. దానికున్న పిన్ను అరిగి సన్నబడి, రంధ్రంలోంచి సగం బయటికి వచ్చేసింది. పైకి చూస్తే మెట్టు చక్కగా కనిపిస్తుంది, బరువు పడితే కూలుతుంది. పైన పటారం, లోన లొటారం.

ఆ పిన్నుకు జానెడు దూరంలో, కంపెనీ తీగల కట్టలోంచి విడిగా వచ్చిన ఎర్ర తీగ ఒకటి ఉంది. దానికి నల్ల టేపు చుట్టి ఉంది. షబ్బీర్ ఆ టేపును వేలితో తడిమి చూశాడు. టేపు చివరను లోపలికి మడిచి పెట్టే అలవాటు ఈ చుట్టుపక్కల ఒక్క మెకానిక్‌కే ఉంది. అది తన చుట్టే.

రాజేష్ కుర్చీలోంచే ఏమైందని అడిగాడు. ముందు చెయ్యి వంగిందని, పిన్ను అరిగిందని షబ్బీర్ చెప్పాడు. అమ్మ పడ్డప్పుడు వంగిందేమోలే అన్నాడు రాజేష్.

బయట ఎండలోంచి నవ్వు వినిపించింది. విక్టర్ నవ్వాడు. సంతోషం ఇసుమంత కూడా లేని నవ్వు అది. నవ్వుతూనే నీడలోకి నడిచి వచ్చాడు.

"నిన్నెవర్రా లోపలికి రమ్మనింది?"

"పెద్దమ్మ బరువెంత సార్? నలభై కిలోలుంటాదా? ఆమె కాలు మోపితే ఇనుము వంగిందా? అంత బరువు ఎవరిదో మీకు తెలీదా?"

రాజేష్ లేచాడు. విక్టర్ వెనక్కి తగ్గలేదు. నాలుగు రోజులుగా కడుపులో కుక్కుకున్నది ఇప్పుడు నోట్లోకి వచ్చింది. దాన్ని మింగడం ఇక అతని వల్ల కాలేదు.

మార్చిలో జరిగిన ఊరేగింపు గురించి చెప్పాడు. మార్కాపురం నుంచి బేస్తవారిపేట మీదుగా గిద్దలూరు దాకా పార్టీ పదవి కోసం రాజేష్ తీసిన కార్ల ర్యాలీ. మన వైపు నాయకుడి కారు లోపల కూర్చున్నవాడికంటే, మెట్టు మీద నిలబడి కారు పైనున్న కమ్మీ పట్టుకుని వేలాడినవాడికే మర్యాద ఎక్కువ. లోపలివాడు ఎవడో జనానికి తెలియదు, బయట వేలాడేవాడు ఫోటోలో పడతాడు. ముందు తలుపు పక్కన ఎవరు నిలబడాలన్న దానికి కొట్లాటలు కూడా అవుతాయి. ఆ రోజు రాజేష్ పైకప్పు తెరిచి తల బయటపెట్టి దండాలు పెడుతుంటే, కుడివైపు ముగ్గురు, ఎడమవైపు నలుగురు ఎక్కారు. ఆ నలుగురిలో ఒక్కొక్కడూ క్వింటాలుకు తగ్గడు. ఇంట్లో ముసలామె ఒక కాలు మోపి ఎక్కడానికి చేసిన మెట్టు మీద నాలుగు క్వింటాళ్ల బరువు వేసి, గుంతల రోడ్డు మీద గిద్దలూరు దాకా తోలించాడు. బేస్తవారిపేట దాటాక ఎడమవైపు నుంచి టక్కుమని చప్పుడొచ్చింది. మెట్టు వంగుతోంది, దిగమనండి సార్ అని విక్టర్ అద్దం దించి అరిచాడు. తోలరా నువ్వు అని పైనుంచి జవాబొచ్చింది.

ఆ తర్వాత మెట్టు కిర్రుమంటోందని మూడుసార్లు చెప్పాడు. మొదటిసారి రాజేష్ ఫోనులో ఉన్నాడు. రెండోసారి, బండి వారం రోజులు షెడ్డులో ఉంటే తాను ఏ మొహం పెట్టుకుని తిరగాలని అడిగాడు. పదవి ఇచ్చేవాళ్లు వస్తూ పోతూ ఉన్నారు, ఇన్నోవాలో వెళ్తే ఏం మర్యాద. మూడోసారి విసుక్కుని తలుపు వేసుకున్నాడు.

"అప్పుడు నేనేం చేసినానో తెలుసా షబ్బీరన్నా" అన్నాడు విక్టర్, రాజేష్ వైపు చూడకుండా. "కొయ్యపీట ఒకటి చేయించి డిక్కీలో పెట్టుకున్నా. పెద్దమ్మ ఎక్కాలంటే పీట వేసి, దాని మీంచి సీట్లోకి ఎక్కించేవాణ్ణి. మెట్టు మీద ఆమె కాలు పడనియ్యలేదు. ఆ నెల రోజులూ పడనియ్యలేదు."

"మరి గురువారం పీట యాడికి పోయింది?"

"సారునే అడుగు."

షబ్బీర్ అడగలేదు. అడగాల్సిన అవసరం లేకపోయింది. రాజేష్ మొహమే చెప్పింది. బుధవారం సాయంత్రం కల్యాణమండపం ముందు, నలుగురు పెద్దమనుషులు చూస్తుండగా విక్టర్ పెద్దమ్మను ఎక్కించడానికి డిక్కీలోంచి పీట తీసి నేల మీద వేశాడు. ఇంత కారు పెట్టుకుని పీట ఏందయ్యా, ఎద్దుల బండి ఎక్కుతున్నావా అని వాళ్లలో ఒకడు నవ్వాడు. రాజేష్ ఆ పీటను కాలితో తన్నాడు. అది కాలువలో పడింది. మళ్లీ పీట కనబడితే ఊరుకోనని విక్టర్‌ను హెచ్చరించాడు. తెల్లారితే గురువారం.

నాకు ఇక్కడ కోపం ఆగడం లేదు. మూడున్నర అడుగుల ఎత్తున్న సీటులోకి తల్లి ఎలా ఎక్కుతుందని ఆ కొడుకుకు ఒక్క క్షణమైనా తోచలేదు. ఎవడో నవ్వాడు, అదొక్కటే తోచింది. ఆ నవ్వు ఖరీదు ముసలామె తుంటితో కట్టాడు. సిగ్గుపడి నోరు మూసుకుని ఉంటే ఏ దేవుడైనా క్షమిస్తాడేమో. ఆ తప్పును మోయడానికి ఇంకొకడి వీపు వెతుక్కున్నాడు చూశారా, దానికి క్షమాపణ ఉండకూడదు.

రాజేష్ విక్టర్ కాలర్ పట్టుకోబోయి, షెడ్డు బయట ఆగిన ఆటోవాళ్లను చూసి చెయ్యి దించాడు. తర్వాత షబ్బీర్ వైపు తిరిగాడు. గొంతు తగ్గించి (ఇలాంటి గొంతులు తగ్గినప్పుడే ఎక్కువ భయపడాలి) స్థలం సంగతి గుర్తు చేశాడు. పక్కవీధిలో టైర్ల వ్యాపారి ఆ స్థలం ఎప్పటినుంచో అడుగుతున్నాడన్నాడు. పదిహేనేళ్ల స్నేహమని, అతని కూతురు మిస్బా చదువుకు సీటు కూడా తానే మాట్లాడానని, ఈ ఒక్క సంతకం పెద్ద విషయం కాదని అన్నాడు. వంగిన చెయ్యి సంగతి రాయొద్దు, స్విచ్ సంగతి రాస్తే చాలు.

షబ్బీర్ నల్లని చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

"సార్, ఒకటి అడుగుతా. స్విచ్ నొక్కినాడని కంప్లయింటులో రాసినారు. కంపెనీ కారులో మెట్టుకు స్విచ్ యాడుంది?"

షబ్బీర్ చేత్తో కారు ముందువైపు చూపించాడు.

"కంపెనీ ఇచ్చింది తెరలో నొక్కుకునే బొమ్మ. డ్రైవర్ మోకాలి దగ్గర అదనంగా ఒక స్విచ్ ఉండాదని ఎస్సై గారికి తెలీదు. విక్టరన్న చెప్పలేదు. మరి మీ కాగితంలోకి అదెట్ల వచ్చింది?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది రాజేష్ వ్యవహారం. ఇక్కడ ఎవరూ అడగకముందే తడుముకున్నాడు, అదీ పోలీసు కాగితం మీద, సంతకంతో సహా.

షబ్బీర్ ఎర్ర తీగను బయటికి లాగి, టేపు చుట్టను చేత్తో పట్టుకుని చూపించాడు.

"ఇది ఆ స్విచ్ కోసం నేను పెట్టిన తీగ. ర్యాలీకి ముందురోజు మీరు ఫోన్ చేసినారు. బండి కదలగానే మెట్టు లోపలికి పోతా ఉంది, మావాళ్లు నిలబడాల, పోకుండా చెయ్యి అన్నారు. తప్పని తెలిసే చేసినా. బరువుకు ఆగదు సార్ అని కూడా అనలేదు. అనింటే ఈ పొద్దు ఇదంతా లేదు."

ఆ మాట తర్వాత షబ్బీర్ విక్టర్ మొహం చూశాడు. గురువారం నుంచి మొదటిసారి. విక్టర్ చూపు తిప్పుకున్నాడు. తనను ఊరంతా దోషిగా చూస్తుంటే, ఈ మనిషి నాలుగు రోజులు షెడ్డులో కూర్చుని నోరు మెదపలేదు. దానికి కూడా కోపం వచ్చింది. కానీ ఆ కోపాన్ని తర్వాత చూసుకుందామనుకున్నాడు.

షబ్బీర్ అక్కడితో ఆపలేదు. నిచ్చెన వేసుకుని కారు కుడివైపు వెనక తలుపు తెరిచాడు. ఆ వైపు మెట్టు బాగానే ఉంది, చప్పుడు లేకుండా బయటికి వచ్చింది. తలుపు అలాగే తెరిచి పెట్టి, డ్రైవర్ తలుపులోంచి వంగి, మోకాలి దగ్గరున్న ఆ స్విచ్ నొక్కాడు. మెట్టు కదల్లేదు. మళ్లీ నొక్కాడు. పదిసార్లు నొక్కాడు. ఆ స్విచ్ మెట్టును బయట నిలబెట్టడానికే గాని మూయడానికి పనికిరాదు. తలుపు తెరిచి ఉన్నంతసేపు అది ఏం చేసినా లోపలికి పోదు. ముసలామె ఎక్కుతున్నప్పుడు తలుపు తెరిచే ఉంటుంది కదా, మూసిన తలుపులోంచి ఎవరూ ఎక్కరు. ఆటోవాళ్లలో ఒకడు ఈ మాట పైకే అన్నాడు. రాజేష్ వాడి వైపు చూస్తే వాడు బండి స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయాడు. మిగతావాళ్లు వెళ్లలేదు.

షబ్బీర్ బల్ల దగ్గరికి వెళ్లి, టైపు కొట్టిన కాగితాన్ని రెంచి కింద అలాగే ఉంచి, తన బిల్లు పుస్తకంలోంచి ఒక తెల్ల కాగితం చింపాడు. వంకర అక్షరాలతో రాయడం మొదలుపెట్టాడు. ముందు చెయ్యి వంగింది, పిన్ను అరిగింది, అదనపు స్విచ్ ఫలానా తేదీన నేను పెట్టినాను. ఇది రాస్తే విక్టర్‌తో పాటు నువ్వూ లోపలికి పోతావురా అన్నాడు రాజేష్. పోతానులే సార్ అన్నాడు షబ్బీర్, తల ఎత్తకుండానే. సంతకం పెట్టి కాగితం విక్టర్ చేతికిచ్చాడు. విక్టర్ దాన్ని రెండు మడతలు వేసి చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు.

అప్పుడు రాజేష్‌కు అసలు ఆలోచన వచ్చింది. బండి దించమన్నాడు. ఇప్పుడే హైదరాబాద్ పంపిస్తానని, రెండు మెట్లూ మార్పిస్తానని, పాతవి తుక్కులో వేయిస్తానని అన్నాడు. సాయంత్రానికి ఎస్సై చూడ్డానికి వంగిన ఇనుమూ ఉండదు, ఎర్ర తీగా ఉండదు. బిల్లు పుస్తకం కాగితం మీద ఒక మెకానిక్ గీసిన గీతలు మాత్రం ఉంటాయి.

షబ్బీర్ నడిచి వెళ్లి గోడ మీద మెయిన్ స్విచ్ కిందికి లాగాడు. ఫ్యాను ఆగిపోయింది. లిఫ్టు మీద కారు అలాగే ఉండిపోయింది.

"కరెంటు లేదు సార్. ఎస్సై గారు వచ్చి చూసినాక వస్తాది."

రాజేష్ మొహం నల్లబడింది. తెల్ల చొక్కా వీపు మీద తడిసింది. అప్పుడు ఫోన్ తీశాడు. మీ తీగలూ మీ పిన్నులూ ఎవరిక్కావాలి, పడ్డ మనిషి చెప్పేదే సాక్ష్యం, మా అమ్మే చెబుతుంది వినండి అన్నాడు. స్పీకరు పెట్టాడు. ఊళ్లోనే ఉన్న ఆస్పత్రిలో, మంచం పక్కన కూర్చున్న భార్య సుజాత ఫోన్ ఎత్తింది. అమ్మకివ్వు అన్నాడు. ఎందుకని ఆమె అడిగింది. ఇవ్వమన్నానా అన్నాడు. గాజుల చప్పుడు వినిపించింది, తర్వాత ఆయాసపడుతున్న ఊపిరి.

"అమ్మా, విక్టర్ ఇక్కడే ఉన్నాడు. గురువారం ఏం జరిగిందో వాడికే చెప్పు."

వెంకటసుబ్బులమ్మ రాజేష్ అనుకున్నట్టు నిందించలేదు. విక్టర్ అనుకున్నట్టు నిజమూ చెప్పలేదు.

"విక్టరూ, నాయనా. అన్నం తిన్నావా?"

"తినలేదమ్మా."

"నా మాట విను. నొక్కినానని ఒప్పుకో. పొరపాటున చెయ్యి తగిలిందని చెప్పు. ఈ వారంలో పదవికి వాడి పేరు చెప్తారంట, అది కానీ. ఆ తర్వాత కేసు వాపసు తీసుకునేటట్ల నేను చూస్తా. నిన్ను మళ్లీ పనిలో పెట్టిస్తా. నా మీద ఒట్టు."

రాజేష్ ఫోన్ వైపు వింతగా చూశాడు. తల్లి తన పక్షమే మాట్లాడింది. కానీ ఆ మాటల్లో, విక్టర్ నొక్కలేదన్న సంగతి ఆమెకు తెలుసన్నది ఆటోవాళ్లకు కూడా వినిపించింది.

విక్టర్‌కు చెంపదెబ్బ తగిలినప్పుడు ఇంత నొప్పి పుట్టలేదు. పరాయివాడు కొట్టిన దెబ్బ అది. ఈమె తన చేతికి కాఫీ గ్లాసు అందించే మనిషి. కారులో వెళ్తూ తన మోకాళ్ల నొప్పులూ కోడలి మీద చాడీలూ అన్నీ అతనికే చెప్పుకునేది. అన్నం తిన్నావా అని అడిగి, ఆ నోటితోనే తన బతుకు అడిగింది. నాలుగు రోజులుగా అతను ఎవరికీ చెప్పని మాట ఒకటి ఉంది. చెప్పడానికి భయపడి కాదు, సిగ్గుపడి దాచుకున్నాడు. చేతుల్లో ఉన్న మనిషిని పడనిచ్చానన్న సిగ్గు అది. ఇప్పుడు ఆ సిగ్గు పోయింది, కోపం ఒక్కటే మిగిలింది.

ఫోన్ రాజేష్ చేతిలో ఉండగానే దాని దగ్గరికి వంగి, మెల్లగా, ఒక్కో మాటా విడిగా పలికాడు.

"అమ్మా, మీరు పడేటప్పుడు నేను సీట్లో లేను. నా కుడిచెయ్యి మీ చంక కింద ఉంది. ఎడమచెయ్యి మీ అరచేతిలో ఉంది. మీరు పడతా పడతా నా వేలు పట్టుకుని లాగినారు, గోరు లేచిపోయింది. ఇంకా కట్టు ఉంది దానికి. నేను స్విచ్ నొక్కాలంటే ఏ చేత్తో నొక్కాల? మీరే చెప్పండి. నాలుగింటికి స్టేషన్‌లో ఆ మాట చెప్తారా, చెప్పరా?"

ఫోన్‌లో ఊపిరి వినిపిస్తూనే ఉంది. సుజాత ఏదో గుసగుసగా అంది. ఆమెను మాట్లాడవద్దని పెద్దావిడ అన్నట్టుంది. రాజేష్ స్పీకరు ఆపబోయాడు. షబ్బీర్ అతని మణికట్టు పట్టుకున్నాడు. పదిహేనేళ్లలో ఆ స్థలం యజమానిని అతను తాకడం అదే మొదటిసారి.

"రాజేషూ" అంది వెంకటసుబ్బులమ్మ. గొంతులో ఆయాసం తగ్గి, ఎవరికీ తెలియని గట్టితనం వచ్చింది. "పీట యాడ?"

రాజేష్ మణికట్టు విడిపించుకున్నాడు.

"నిన్నే అడుగుతా ఉండా. నా పీట యాడ?"

"అమ్మా, ఇప్పుడు పీట సంగతి ఎందుకు..."

"సరే. ఎస్సై గారిని నా మంచం కాడికి రమ్మను. నాలుగింటి దాకా ఎందుకు, ఇప్పుడే రమ్మను. నేను చెప్పేది ఆయనకే చెప్తా. ఆయన వచ్చేదాకా మీలో ఒక్కరూ ఈ గది గడప తొక్కొద్దు. నువ్వూ వద్దు, విక్టరూ వద్దు."

ఏం చెప్తావమ్మా అని రాజేష్, విక్టర్ ఇద్దరూ ఒకేసారి అడిగారు. అప్పటికే ఫోన్ పెట్టేసింది.